లెక్క అప్పగించడం: క్రైస్తవ సంస్థలు, సంబంధాలలో హద్దులు – జవాబుదారీతనం

వ్యాససంగ్రహం:

క్రైస్తవ సంఘాలలోను, సేవాసంస్థలలోను నాయకుణ్ణి లెక్క అడగడం అవిశ్వాసానికి గుర్తనీ, సంబంధాలలో హద్దు గీయడం ప్రేమ లేకపోవడానికి గుర్తనీ భావించే ధోరణి కనిపిస్తుంది. ఈ ధోరణికి బైబిల్‌లో ఆధారం ఉందా అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు బైబిల్‌లోని ‘లెక్క’, ‘గృహనిర్వాహకుడు’, ‘పొలిమేర రాయి’, ‘భారము’, ‘బరువు’ అనే పదాలను, సమూయేలు, యోవాషు, పౌలు మొదలైనవారి ఉదంతాలను, తరువాతి కాలపు సంస్థల అనుభవాలను ఇందులో వివరించడం జరిగింది. లెక్క అడగడం నేరారోపణ కాదని, హద్దు ప్రధానంగా బలహీనుడి రక్షణకు ఏర్పడినదని, దేవునికి అప్పగించే లెక్క మనుషులకు అప్పగించే లెక్కను రద్దు చేయదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జవాబుదారీతనం, లెక్క, హద్దులు, గృహనిర్వాహకత్వం, తెలుగు బైబిల్, క్రైస్తవ సంఘం, నాయకత్వం.

1. ఉపోద్ఘాతం:

ఏ సంస్థ అయినా నమ్మకం మీదే నిలుస్తుంది. మతసంస్థలో ఆ నమ్మకానికి భక్తి కూడా తోడవుతుంది. సంఘస్థులు కాపరికి తమ కానుకలనే కాక కుటుంబ రహస్యాలను, కష్టసుఖాలను, పిల్లల భవిష్యత్తును కూడా అప్పగిస్తారు. ఇంతగా అప్పగించినచోట అడిగే హక్కు కూడా అంతే స్పష్టంగా ఉండాలి. ఆచరణలో చాలాసార్లు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. భక్తి పెరిగినకొద్దీ ప్రశ్న తగ్గుతుంది. “దైవజనుణ్ణి లెక్కలు అడుగుతారా?” అనే మాట వినిపించగానే అడిగినవాడే తప్పు చేసినవాడిలా తలదించుకోవలసిన పరిస్థితి ఏర్పడుతుంది.

ఈ సమస్యను పరిపాలనా సమస్యగా మాత్రమే చూస్తే పరిష్కారం నిబంధనల దగ్గర ఆగిపోతుంది. నిబంధనలు ఉన్న సంస్థలలోనూ ప్రశ్నించేవారు లేకపోవడానికి కారణం ఆ సమూహం తన పవిత్రగ్రంథాన్ని అర్థం చేసుకున్న తీరులో ఉంది. అందువల్ల మొదట పదాలను, ఆ తరువాత ఉదంతాలను, చివరగా సంస్థలను పరిశీలించడం సమంజసం.

2. తెలుగు బైబిల్‌లో జవాబుదారీతనపు పదజాలం:

2.1 లెక్క:

‘జవాబుదారీ’ అనే మాటలో ‘జవాబు’ అరబ్బీ పదం, ‘దార్’ పారశీక ప్రత్యయం. పరిపాలనా వ్యవహారం ద్వారా తెలుగులో స్థిరపడిన మాట ఇది. తెలుగువారు విస్తృతంగా చదివే బైబిల్ అనువాదంలో ఈ భావానికి వాడిన మాట ‘లెక్క’. లూకా సువార్త 16వ అధ్యాయంలో యజమాని తన గృహనిర్వాహకుణ్ణి పిలిచి లెక్క అప్పగించమంటాడు. రోమీయులకు రాసిన పత్రిక 14:12లో ప్రతి మనిషీ తన గురించి దేవునికి అప్పగించవలసినది కూడా లెక్కే. హెబ్రీయులకు రాసిన పత్రిక 13:17లో సంఘనాయకులు అప్పగించవలసినదీ లెక్కే. ఈ మూడు చోట్లా గ్రీకు మూలంలో ఉన్న పదం ‘లోగోస్’. యోహాను సువార్త ప్రారంభంలో ‘వాక్యము’గా అనువదించినదీ ఈ పదాన్నే. మాట, లెక్క అనే రెండర్థాలూ ఇముడ్చుకున్న గ్రీకు పదానికి సందర్భాన్ని బట్టి తెలుగు అనువాదకులు వేరువేరు మాటలను ఎన్నుకున్నారు.

తెలుగులో ‘లెక్క’ అనే పదానికి ఒక అర్థవిశేషం ఉంది. ‘లెక్క చెప్పడం’ అంటే వివరణ ఇవ్వడం. ‘లెక్కచేయడం’ అంటే ఎదుటివారిని గౌరవించడం, వారి ఉనికిని గుర్తించడం. ‘లెక్కచేయకపోవడం’ అంటే తృణీకరించడం. ఈ మూడు వ్యవహారాలూ ఒకే మాట చుట్టూ అల్లుకొని ఉన్నాయి. లెక్క చెప్పవలసిన అవసరం లేదనుకునే నాయకుడు క్రమంగా ఎదుటివారిని లెక్కచేయని నాయకుడు కావడం అరుదు కాదు. జవాబుదారీతనం ఆదాయవ్యయ పట్టికకు పరిమితమైన విషయం కాదనీ, మనిషిని మనిషిగా గుర్తించే విషయమనీ ఈ పదమే సూచిస్తున్నది.

2.2 గృహనిర్వాహకుడు:

గ్రీకు ‘ఒయికొనొమోస్’కు తెలుగు బైబిల్‌లో ‘గృహనిర్వాహకుడు’ అనే మాట ఉంది. ఇల్లు అతనిది కాదు. ఇంటి నిర్వహణ మాత్రమే అతనిది. తీతుకు రాసిన పత్రిక 1:7 సంఘ అధ్యక్షుణ్ణి దేవుని గృహనిర్వాహకుడితో పోల్చింది. ఈ పోలిక సంఘనాయకుడికి గౌరవం ఇస్తూనే యాజమాన్యాన్ని నిరాకరిస్తుంది. సంఘాన్ని, ఆస్తిని, కానుకలను ‘నా సేవ’, ‘నా మందిరం’ అనుకున్నప్పుడు నిర్వాహకుడికీ యజమానికీ నడుమ ఉన్న గీత చెరిగిపోతుంది.

2.3 పొలిమేర రాయి:

హద్దు అనే భావనకు బైబిల్‌లో అతి స్పష్టమైన రూపం పొలంగట్టున పాతిన రాయి. పొరుగువాని సరిహద్దు రాయిని తొలగించకూడదని ద్వితీయోపదేశకాండము 19:14 ఆదేశిస్తుంది. సామెతల గ్రంథం 22:28 ఆ నిషేధాన్నే పొలిమేర రాయి గురించి చెబుతుంది. 23:10లో అదే నిషేధం వెంట తల్లిదండ్రులు లేనివారి పొలాల ప్రస్తావన వస్తుంది. ఆ పొలాలలోకి చొరబడకూడదని అక్కడి హెచ్చరిక. రాయి జరిపితే ముందుగా నష్టపోయేది అడిగే దిక్కులేనివాడే. బలవంతుడు తన పొలాన్ని బలంతో కాపాడుకోగలడు. అనాథకు ఉన్న కాపలా ఆ రాయి ఒక్కటే. రాజైన అహాబు నాబోతు ద్రాక్షతోటను కాజేసిన కథ (1 రాజులు 21) ఈ సూత్రానికి ఉదాహరణ. ఆ హద్దు దాటినందుకు రాజునే ఏలీయా ప్రవక్త నిలదీశాడు.

‘హద్దు’ అంటే తెలుగువారికి పొలంగట్టే మొదట గుర్తుకువస్తుంది. గట్టు ఉన్నంతమాత్రాన పక్కపొలం రైతు శత్రువైపోడు. గట్టు స్పష్టంగా ఉన్నచోటే ఇరుగుపొరుగు సఖ్యంగా ఉంటారు. సంబంధాలలో హద్దులకూ ఈ పోలిక వర్తిస్తుంది.

3. మూడు ఉదంతాలు:

3.1 సమూయేలు – వ్యక్తిగత నిజాయితీ, కుటుంబ నియామకాలు:

1 సమూయేలు 12వ అధ్యాయంలో వృద్ధుడైన సమూయేలు ప్రజలందరి ఎదుట నిలబడి తన జీవితానికి తానే లెక్క అప్పగిస్తాడు. ఎవరి ఎద్దునైనా, గాడిదనైనా తీసుకున్నానా, ఎవరికైనా అన్యాయం చేశానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా అని అడుగుతాడు. తప్పు చూపితే తిరిగి ఇచ్చివేస్తానంటాడు. ప్రజలు అతనిలో దోషం లేదని సాక్ష్యమిస్తారు. ఎవరూ అడగకముందే నాయకుడు తనంతట తాను, అదీ బహిరంగంగా లెక్క చెప్పడం ఈ ఉదంతంలోని గొప్పతనం.

అయితే ఈ ఘట్టాన్ని 8వ అధ్యాయంతో కలిపి చదవాలి. సమూయేలు తన కుమారులైన యోవేలును, అబీయాను న్యాయాధిపతులుగా నియమించాడు. వారు లంచాలు పుచ్చుకొని న్యాయాన్ని వక్రం చేశారు. ప్రజల పెద్దలు వచ్చి రాజు కావాలని కోరినప్పుడు చూపిన కారణాలలో ఇదీ ఒకటి. తండ్రి చేతులు శుభ్రంగా ఉండడం కుమారుల చేతులకు హామీ కాలేకపోయింది. సమూయేలు చిన్ననాట పెరిగిన ఏలీ ఇంట కూడా హొఫ్నీ, ఫీనెహాసు అనే కుమారుల విషయంలో ఇదే జరిగింది. ఏలీ వారిని మందలించాడు కాని ఆ పని నుంచి తొలగించలేదు. వ్యవస్థాపకుడి వ్యక్తిగత సచ్ఛీలత వ్యవస్థకు ప్రత్యామ్నాయం కాదని ఈ రెండు కుటుంబాల చరిత్ర తెలియజేస్తుంది.

3.2 యోవాషు పెట్టె – నింద లేని లెక్క:

2 రాజులు 12వ అధ్యాయంలో మందిరం మరమ్మతుల కథ ఉంది. ప్రజలు తెచ్చే సొమ్ముతో మందిరాన్ని బాగుచేయమని రాజైన యోవాషు యాజకులకు అప్పగిస్తాడు. అతని పాలనలో 23వ సంవత్సరం వచ్చినా పని జరగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి బలిపీఠం పక్కన ఉంచుతాడు. సొమ్ము నిండగానే రాజుగారి లేఖికుడు, ప్రధానయాజకుడు కలిసి వచ్చి లెక్కపెట్టి సంచులలో కట్టి, పనిమీద ఉన్నవారికి అందజేస్తారు.

ఈ ఏర్పాటులో మూడు పనులు వేరయ్యాయి. స్వీకరించేవారు ఒకరు, లెక్కపెట్టేవారు వేరు, ఖర్చుపెట్టేవారు ఇంకా వేరు. లెక్కపెట్టేచోట ఒకరికి బదులు ఇద్దరు, అదీ వేరువేరు అధికారాలకు చెందినవారు ఉన్నారు. నేటి సంస్థలలో ఆర్థిక నియంత్రణకు మూలసూత్రం కూడా ఇదే.

ఇంతకన్నా గమనార్హమైన అంశం మరొకటి ఉంది. పాత యాజకులు సొమ్ము కాజేశారని గ్రంథకర్త ఎక్కడా చెప్పలేదు. పని జరగలేదన్నది మాత్రమే అక్కడి ఫిర్యాదు. ఎవరినీ దొంగ అనకుండానే ఏర్పాటు మారింది. లెక్క అడగడమంటే అనుమానించడమే అనే భావనకు ఈ కథలో చోటు లేదు. పెట్టెకు మూత బిగించడం యాజకులకు అవమానం కాలేదు.

అయితే అదే అధ్యాయం 15వ వచనంలో పనివారిని పర్యవేక్షించేవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడగలేదన్న మాట కూడా ఉంది. దీన్ని చూపి, నమ్మకస్థులను లెక్క అడగనక్కరలేదని వాదించవచ్చు. కాని ఆ నమ్మకం లెక్కపెట్టిన సొమ్ము చేతికందిన తరువాత, కంటికి కనిపించే మరమ్మతుల విషయంలో చూపినది. గోడ లేచిందా లేదా అన్నది అందరికీ కనిపిస్తుంది. నమ్మకం, లెక్క రెండూ ఒకే ఏర్పాటులో ఇమిడి ఉన్నాయనడానికి ఇది సాక్ష్యం.

3.3 పౌలు చందా – మనుషుల దృష్టిలోనూ:

యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు వివిధ సంఘాల నుంచి చందా పోగుచేశాడు. ఆ సొమ్మును మోసుకుపోయేవారిని ఇచ్చే సంఘంవారే ఎన్నుకోవాలని 1 కొరింథీయులకు 16:3లో సూచించాడు. 2 కొరింథీయులకు 8:16–22లో తీతుతోపాటు మరి ఇద్దరు సహోదరులు ఈ పనికి వెళ్తున్నట్లు తెలుస్తుంది. వారిలో ఒకరు సంఘాలు ఏర్పరచినవారే. ఇంత పెద్ద మొత్తం విషయంలో తనపై నింద రాకూడదన్నది ఈ జాగ్రత్తకు పౌలు చెప్పిన కారణం. ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలన్నది అతని వాదం.

“నేను దేవునికి మాత్రమే జవాబుదారీని” అనే నాయకుడి మాటకు ఇది నేరుగా ఎదురు నిలిచే వాదం. తాను దేవునిచేత పిలవబడినవాడినని పౌలు గట్టిగా చెప్పుకున్నాడు. అయినా సొమ్ము విషయంలో ఆ పిలుపును రక్షణకవచంగా వాడుకోలేదు. ఇచ్చినవారి ప్రతినిధులను పక్కన పెట్టుకున్నాడు.

4. ‘అభిషేకించినవారిని ముట్టకూడదు’ అనే వాదం:

నాయకుడిపై వచ్చే విమర్శను ఆపడానికి ఎక్కువగా ఉదాహరించేది 105వ కీర్తన 15వ వచనం. దేవుడు తాను అభిషేకించినవారిని ముట్టవద్దని హెచ్చరించిన సందర్భం అది. ముందున్న వచనాలతో కలిపి చదివితే ఆ అభిషిక్తులు ఎవరో స్పష్టమవుతుంది. సంఖ్యలో కొద్దిమందిగా, పరదేశులుగా, ఒక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబం అది. హెచ్చరిక అందుకున్నవారు రాజులు. అంటే అధికారం ఉన్నవారి నుంచి అధికారం లేనివారిని కాపాడే మాట అది. దాన్ని అధికారంలో ఉన్నవారిని ప్రశ్నించకుండా చేసే మాటగా వాడడం అర్థాన్ని తలకిందులు చేయడమే.

ఇదే వాదానికి మరొక ఆధారంగా చూపేది దావీదు సౌలును చంపకపోవడం. ఏన్గెదీ గుహలో (1 సమూయేలు 24) అవకాశం దొరికినా దావీదు అభిషిక్తుడైన సౌలుపై చెయ్యి ఎత్తలేదన్నది నిజం. కాని గుహ బయటికి వచ్చి, రాజు వెనుక నిలిచి, అందరూ వింటుండగా అతని అన్యాయాన్ని ఎత్తిచూపాడు. తనకూ అతనికీ దేవుడు తీర్పు తీర్చాలని కోరాడు. హింసను విడిచిపెట్టాడు గాని ప్రశ్నను విడిచిపెట్టలేదు. తరువాత దావీదే రాజై, ఊరియా భార్య విషయంలో పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త అతని ఎదుటికి వచ్చి నిలదీశాడు (2 సమూయేలు 12). దావీదు అభిషేకం ఆ ప్రశ్నకు అడ్డురాలేదు.

కొత్తనిబంధనలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. కొర్నేలీ ఇంట భోజనం చేసినందుకు యెరూషలేములోనివారు ఆక్షేపించినప్పుడు పేతురు జరిగినదంతా వరుసగా వివరించాడు (అపొస్తలుల కార్యములు 11). అంతియొకయలో అతని ప్రవర్తన తప్పుగా తోచినప్పుడు పౌలు అందరి ఎదుట ఎదిరించాడు (గలతీయులకు 2:11–14). నాయకులకు లోబడాలని చెప్పే హెబ్రీయులకు 13:17 కూడా అదే వాక్యంలో ఆ నాయకులు లెక్క అప్పగించవలసినవారని చెబుతుంది. మొదటి సగాన్ని మాత్రమే పదేపదే వినిపించడం వల్ల రెండో సగం మరుగున పడింది.

5. సంబంధాలలో హద్దులు:

5.1 భారము, బరువు:

గలతీయులకు 6:2లో ఒకరి భారాలను ఒకరు మోయాలని ఉంది. 6:5లో ఎవరి బరువు వారే మోసుకోవాలని ఉంది. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. గ్రీకు మూలంలో రెండు వేరువేరు పదాలు ఉన్నాయి. మొదటిది ‘బారోస్’; ఒంటరిగా మోయలేని అధికభారం. రెండవది ‘ఫోర్తియోన్’, ప్రతివ్యక్తీ తన వంతుగా మోసే మూట. తెలుగు అనువాదకులు మొదటిచోట ‘భారము’ను, రెండవచోట ‘బరువు’ను వాడి ఆ భేదాన్ని నిలబెట్టారు. సంస్కృత సమపదానికీ అచ్చమైన వాడుకమాటకూ నడుమ ఉన్న ఈ తేడాను ప్రసంగాలలో గుర్తించేవారు తక్కువ.

సంబంధాలలో హద్దు అనే భావనకు ఇదే పునాది. వ్యాధి, మరణం, ఉపద్రవం వంటి భారాలలో తోడు నిలవడం ప్రేమ. మరొకరి నిర్ణయాలు, కోపం, వ్యసనం, అప్పు అనే బరువును శాశ్వతంగా తన నెత్తికెత్తుకోవడం ప్రేమ కాదు. దానివల్ల మోసేవాడు కుంగిపోతాడు, దించుకున్నవాడు ఎదగడు. అలాగే ఒకరి వివాహం, ఉద్యోగం, జీతం ఖర్చు వంటి నిర్ణయాలను కాపరి తన చేతిలోకి తీసుకోవడం ఎదుటివారి మూటను లాక్కోవడమే. సలహా ఇవ్వడం సేవ; నిర్ణయించడం హద్దు దాటడం.

5.2 మత్తయి 18 – వినియోగం, దుర్వినియోగం:

సహోదరుడు తప్పు చేస్తే మొదట ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకొని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయాలి. మత్తయి 18:15–17లోని ఈ మూడు మెట్లు సమానుల మధ్య తగవులకు శ్రేష్ఠమైన మార్గం. చాటుమాటు నిందలను ఇది అరికడుతుంది.

అధికారంలో ఉన్న వ్యక్తి వల్ల లైంగికంగానో, ఆర్థికంగానో నష్టపోయిన వ్యక్తికి ఇదే వచనం చూపి “ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడావా?” అని అడగడం దుర్వినియోగం. అదే అధ్యాయంలో అంతకుముందే చిన్నవారిని ఆటంకపరిచేవారి గురించిన తీవ్రమైన హెచ్చరిక ఉంది. అలా ఆటంకపరిచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలన్నంత కఠినమైన మాట అది. ఆ నేపథ్యం నుంచి వేరుచేసి, చిన్నవాణ్ణి పెద్దవాడి గదిలోకి ఒంటరిగా పంపే నియమంగా దీన్ని మార్చడం సమంజసం కాదు.

సాక్షుల విషయమూ ఇలాంటిదే. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దపై ఫిర్యాదు స్వీకరించవద్దని 1 తిమోతికి 5:19 చెబుతుంది. ఇది అపనిందల నుంచి రక్షణ. వెంటనే 20వ వచనం తప్పుచేసిన పెద్దలను అందరి ఎదుట గద్దించమంటుంది. 21వ వచనం పక్షపాతం వద్దంటుంది. ఎవరూ చూడనిచోట జరిగిన నేరం మాటేమిటి? నిశ్చితార్థమైన యువతిపై పొలంలో జరిగిన అత్యాచారం విషయంలో ద్వితీయోపదేశకాండము 22:25–27 సాక్షులను అడగలేదు. ఆమె కేకవేసినా కాపాడేవారు లేకపోయారని ఆమె పక్షం వహించింది. సాక్షుల నియమం మౌనాన్ని విధించే ఆయుధం కాదని దీనివల్ల తెలుస్తుంది.

5.3 క్షమాపణ, బాధ్యత:

క్షమించడం అంటే లెక్క కొట్టివేయడం అనే భావన కూడా విచారించదగినది. జక్కయ్య (లూకా 19:8) తాను అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పశ్చాత్తాపం లెక్కను చెరిపివేయలేదు, తీర్చింది. తప్పుచేసిన వ్యక్తిని క్షమించడం వేరు, అతనికి అదే పదవిని తిరిగి అప్పగించడం వేరు. ఈ రెండింటినీ కలిపివేసినచోట రెండోసారి నష్టపోయేవారు బలహీనులే.

6. సంస్థల చరిత్రలో హద్దులు:

6.1 దిదఖే:

మొదటి శతాబ్దం చివర లేదా రెండో శతాబ్దం తొలినాళ్ల రచనగా భావించే ‘దిదఖే’ను 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రియెన్నియోస్ కనుగొని 1883లో ప్రచురించాడు. ఊరూరా తిరిగే బోధకులకు ఇందులో నియమాలు ఉన్నాయి. అతిథి ఒకరోజు, అవసరమైతే రెండో రోజు ఉండవచ్చు. మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త. ప్రయాణానికి రొట్టె తీసుకోవచ్చు. సొమ్ము అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో ఉన్నట్లు చెప్పి తనకోసం డబ్బు అడిగేవాడి మాట వినకూడదు. పేదల కోసం అడిగితే తప్పుపట్టకూడదు. ఆతిథ్యాన్ని మానుకోకుండానే దుర్వినియోగాన్ని ఆపే ప్రయత్నం ఇది. ఎవరికి వారు ఊహించుకునే వివేచనకు బదులు రోజులలో లెక్కించగల గీతను ఆ సంఘం ఎన్నుకుంది.

6.2 మోడెస్టో నుంచి అట్లాంటా వరకు:

1948లో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన మోడెస్టో పట్టణంలో సువార్తికుడు బిల్లీ గ్రాహం తన సహచరులతో కూర్చొని, సువార్తికులను పతనం చేసే నాలుగు విషయాలను గుర్తించి కట్టుబాట్లు ఏర్పరచుకున్నాడు. అవి డబ్బు, లైంగిక నైతికత, స్థానిక సంఘాలపై విమర్శ, హాజరు సంఖ్యలను పెంచి చెప్పడం. భార్య కాని స్త్రీతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం వీటిలో ప్రసిద్ధమైనది. స్త్రీని ప్రమాదంగా చూసే దృష్టి ఇందులో ఉందనీ, దీనివల్ల స్త్రీలకు నాయకత్వ అవకాశాలు, మార్గదర్శనం తగ్గుతాయనీ విమర్శ ఉంది. ఆ విమర్శలో బలం ఉంది. హద్దు నాయకుడి పేరును కాపాడడానికా, ఎదుటి వ్యక్తిని కాపాడడానికా అన్నది ప్రతి నియమం విషయంలోనూ వేసుకోవలసిన ప్రశ్న.

వ్యక్తిగత నియమం ఒక్కటే చాలదనడానికి రవి జకరియాస్ (1946–2020) ఉదంతం నిదర్శనం. మద్రాసులో పుట్టి, కెనడాకు వలసవెళ్లి, 1984లో తన పేరిట సంస్థను స్థాపించి, అట్లాంటా కేంద్రంగా ప్రపంచఖ్యాతి పొందిన క్రైస్తవ వాది ఆయన. 2017లో ఒక మహిళ చేసిన ఆరోపణను సంస్థ నమ్మలేదు. ఆయన మరణానంతరం సంస్థే నియమించిన న్యాయవాద సంస్థ విచారణ నివేదిక 2021 ఫిబ్రవరిలో వెలువడింది. లైంగిక దుష్ప్రవర్తన జరిగిందని అది నిర్ధారించింది. పాలకమండలి క్షమాపణ చెప్పి, మొదటి ఫిర్యాదును నమ్మకపోవడం తప్పని అంగీకరించింది. మరణించిన వ్యక్తి ఇక జవాబు చెప్పలేడు. అడగవలసిన కాలంలో అడగకపోవడం బాధితులకు ఎంత అన్యాయమో, సంస్థలో నిజాయితీగా పనిచేసినవారికీ అంతే అన్యాయం.

6.3 కతోలిక సంఘ నియమాలు:

1983 నాటి కతోలిక ధర్మశాస్త్ర స్మృతి ప్రతి మేత్రాసనానికి, ప్రతి విచారణకు ఆర్థికమండలి ఉండాలని నిర్దేశించింది. మేత్రాసన ఆర్థికమండలిలో బిషప్పుకు నాలుగో డిగ్రీ వరకు రక్తసంబంధం గాని, వియ్యం వల్ల కలిగిన బంధుత్వం గాని ఉన్నవారు సభ్యులు కాకూడదు (492వ నియమం). సమూయేలు కుమారుల కథకు ఇది సంస్థాగతమైన సమాధానంగా కనిపిస్తుంది. 2019లో పోప్ ఫ్రాన్సిస్ జారీచేసిన ఆదేశం లైంగిక వేధింపుల సమాచారాన్ని సంఘాధికారులకు తెలియజేయడం గురువులకు, మఠవాసులకు బాధ్యతగా చేసింది. ఫిర్యాదు చేసినవారిపై మౌనం విధించరాదని కూడా నిర్దేశించింది. బిషప్పులు కూడా దీని పరిధిలోకి వస్తారు.

7. తెలుగునేల సందర్భం:

తెలుగు ప్రాంతంలో ఈ చర్చకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి తెలుగునేలకు మిషనరీగా వచ్చిన వేదనాయగం సామ్యుల్ అజరయ్య (1874–1945) 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీలకు, భారతీయ సేవకులకు మధ్య ఉన్న సంబంధాన్ని నిర్మొహమాటంగా విమర్శించాడు. జీతమిచ్చే యజమాని, పనిచేసే నౌకరు అనే సంబంధం పోయి స్నేహం రావాలని కోరాడు. సొమ్ము ఒకవైపు, లెక్క అప్పగించడం మరొకవైపు ఉన్న ఏకపక్ష ఏర్పాటుపై వచ్చిన విమర్శగా దీన్ని చదవవచ్చు. జవాబుదారీతనం పైనుంచి కిందికి మాత్రమే ప్రవహిస్తే అది పెత్తనంగా మారుతుంది. 1912 డిసెంబరు 29న అజరయ్య దోర్నకల్‌కు తొలి బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన రాజ్యాంగంలో సినడ్, డయోసిస్ కౌన్సిల్, పాస్టరేటు కమిటీ అనే అంచెలను ఏర్పరచి, గురువులతోపాటు సాధారణ సభ్యులకూ వాటిలో స్థానం కల్పించింది. అయినా ఆస్తుల విషయంలోను, ఎన్నికల విషయంలోను తగవులు న్యాయస్థానాల దాకా వెళ్లడం తెలిసినదే. అంచెలు ఉండడం వేరు, వాటిలో కూర్చున్నవారు అడగడం వేరు.

స్వతంత్ర సంఘాలలో ఇబ్బంది మరో రకమైనది. అనేకచోట్ల స్థాపకుడే కాపరి, ట్రస్టు అధ్యక్షుడు కూడా. భార్య, కుమారులు, అల్లుళ్లు ట్రస్టు సభ్యులు. పూరిపాకలో మొదలైన కూడికను ఆకలికి ఓర్చి నిలబెట్టిన కుటుంబం అది కావడంతో ఆ త్యాగం పట్ల సంఘానికి కృతజ్ఞత ఉంటుంది. కృతజ్ఞత న్యాయమైనదే. కాని అది లెక్కకు బదులు కాలేదు. ‘అయ్యగారు’, ‘అమ్మగారు’ అనే పిలుపులోని ఆత్మీయత కుటుంబభావాన్ని పెంచుతుంది. కుటుంబంలో పెద్దలను లెక్క అడగడం మర్యాద కాదన్న సంస్కారమూ దానివెంటే వస్తుంది. బయటివారు ఒకరిద్దరైనా లేని మండలిలో యోవాషు పెట్టె దగ్గర నిలబడిన రెండో మనిషి లేనట్లే.

ఇక దేశచట్టం గీసిన హద్దులు మతసంస్థకు వెలుపలివి కావు. పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణకు ఉద్దేశించిన 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం సంగతి తెలిసిన వ్యక్తి పోలీసులకు తెలియజేయాలి. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష విధించవచ్చు. సంఘాల ఆధ్వర్యంలోని పాఠశాలలు, కళాశాలలు, ఆసుపత్రులలో పదిమంది లేదా అంతకు మించి పనిచేసేచోట 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద అంతర్గత కమిటీ తప్పనిసరి. దానికి అధ్యక్షత వహించేది సీనియర్ మహిళా ఉద్యోగి. సభ్యులలో కనీసం సగంమంది స్త్రీలు. ఒకరు బయటి వ్యక్తి. విదేశీ విరాళాల లెక్కలు 2010 చట్టం ప్రకారం ఏటా సమర్పించాలి. సంఘంలో రాజీ కుదిరిందన్న కారణంతో పిల్లలపై జరిగిన లైంగిక నేరాన్ని పోలీసులకు చెప్పకుండా ఉండడానికి పోక్సో చట్టంలో వెసులుబాటు లేదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు బైబిల్ పదజాలంలోనే జవాబుదారీతనం ఉంది. ‘లెక్క’ అనే మాట వివరణను, గౌరవాన్ని కలిపి చూపుతుంది.

2. పొలిమేర రాయి ప్రస్తావన అనాథల పొలంతో ముడిపడి ఉంది. హద్దు బలహీనుడి రక్షణకు ఏర్పడినది. బలవంతుడి సౌకర్యానికి కాదు.

3. యోవాషు పెట్టె ఉదంతంలో ఎవరినీ నిందించకుండా ఏర్పాటు మారింది. కాబట్టి లెక్క అడగడాన్ని అనుమానంగా భావించనక్కరలేదు.

4. వ్యక్తిగత నిజాయితీ, త్యాగం వ్యవస్థకు బదులు కావని సమూయేలు కుటుంబం, ఇటీవలి సంస్థల అనుభవం తెలియజేస్తున్నాయి. స్వీకరించడం, లెక్కించడం, ఖర్చుపెట్టడం వేరువేరు చేతుల్లో ఉండాలి. మండలిలో కుటుంబేతరులు ఉండాలి.

5. ‘అభిషేకించినవారు’, ‘ఇద్దరు ముగ్గురు సాక్షులు’, ‘ఒంటరిగా వెళ్లి మాట్లాడు’ అనే మాటలను సందర్భం నుంచి వేరుచేసి వాడినప్పుడు అవి బాధితుల నోరు మూయిస్తాయి. సందర్భంతో చదివితే అవి బాధితుల పక్షాన నిలుస్తాయి.

6. భారాన్ని పంచుకోవడం, బరువును ఎవరికి వారు మోసుకోవడం అనే భేదం సంబంధాలలో హద్దులకు పునాది.

దేవునికి లెక్క అప్పగించవలసి ఉందన్న విశ్వాసం క్రైస్తవ నాయకత్వానికి ప్రాణం. ఆ విశ్వాసం నిజమైనదైతే మనుషుల ఎదుట లెక్క చెప్పడానికి అది మనిషిని సిద్ధపరుస్తుంది. సమూయేలు ఎవరూ అడగకముందే ప్రజల ఎదుట నిలబడ్డాడు. పౌలు ఇచ్చినవారి ప్రతినిధులను వెంట తీసుకొని వెళ్లాడు. వారిద్దరిలో ఎవరి గౌరవమూ దానివల్ల తగ్గలేదు.